గద్దె దిగిన కోడలు

పద్నాలుగో భాగం

"కూర్చో అన్నానా లేదా?"

పానకాలు గారి గొంతు షాపు దాటి వీధిలోకి వెళ్ళింది. ఎదురుగా లారీ మీద మిరపకాయల టిక్కీలు, ఆ పెద్ద గోనె బస్తాలు, సర్దుతున్న హమాలీలు చేతులు ఆపి ఇటు చూశారు.

గీతాంజలి కూర్చోలేదు. కొత్త బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. వడ్రంగి బుడాన్ నిన్న సాయంత్రం తెచ్చి దించిన బల్ల అది. వార్నిష్ వాసన ఇంకా పోలేదు. ఆమెని నిలబెట్టి, మోచేతులు మడిచి పెట్టమని, ఆ ఎత్తుకి కొలిచి చేశాడు. "పెళ్ళి బఫే బల్లలాగా ఉందమ్మా" అని నవ్వాడు కూడా. ఇప్పుడు దాని మీద కంప్యూటరూ, చీటీలు వచ్చే ప్రింటరూ ఉన్నాయి. నిన్నటిదాకా అవి వెనకనున్న గద్దె మీద, జానెడెత్తు డెస్కు మీద ఉండేవి. వాటి ముందు మఠం వేసుకుని, వంగి వంగి పనిచేసే గీతాంజలి నడుము ఈ సీజన్లో చేతులెత్తేసింది.

"మావయ్య గారూ, కింద మఠం వెయ్యొద్దని డాక్టరు గారు చెప్పింది మీరూ విన్నారు కదండీ."

"ఆ డాక్టరు మిరపకాయల వ్యాపారం చెయ్యడు. బాలస్వామి బండి ఎక్కడ ఆగిందో చూశావా?"

చూసింది. చూడకుండా ఎలా ఉంటుంది?

బాలస్వామిది వినుకొండ పక్క పల్లె. పానకాలు గారి షాపులో తప్ప ఇంకో గుమ్మం ముందు సరుకు దించి ఎరగడు. ఇందాక అతని బొలేరో వీధి మలుపు తిరిగి, షాపు ముందు నెమ్మదించి, ఆగినట్టే ఆగి, ముందుకు వెళ్ళిపోయింది. పోయి పోయి పక్క షాపు ముందు ఆగింది. అక్కడ ఇప్పుడు అతని టిక్కీలు దిగుతున్నాయి. పక్క షాపాయన ఇటు చూసి చూడనట్టు మీసం దువ్వుకుంటున్నాడు.

ఆ వీధిలో ఒక అలవాటుంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. కమీషన్ షాపులో గద్దె మీద మనిషి కూర్చుని ఉంటే సరుకు దించుకుంటారని లెక్క. లేచి నిలబడితే ఆ పూటకి చాలించారని. లోపల చోటు లేదో, కొనేవాళ్ళు లేరో, ఏదో ఒకటి. రైతు దిగి అడగడు. ఎండలో, ఘాటులో, వెనక బండివాడు హారన్ మోగిస్తుంటే దిగి కబుర్లు చెప్పే తీరిక ఎవరికుంది? దూరం నుంచే ఒక చూపు చూస్తాడు, పోతాడు.

ఆ సంగతి గీతాంజలికి తెలియనిది కాదు. కానీ నెల్లాళ్ళుగా ప్రాణం తోడేసిన నొప్పి పొద్దున బల్ల దగ్గర నిలబడగానే మెత్తబడిందన్న సంతోషంలో, పిచ్చిది, ఆ మాటే మర్చిపోయింది. గద్దె పక్కనే బల్ల వేయించుకుని పొద్దుటి నుంచి నిలబడింది. పొద్దుటి నుంచి బళ్ళు ముందుకు పోతూనే ఉన్నాయి.

"పోనీలెండి మావయ్యా," అన్నాడు వేణుగోపాల్ తాపీగా. పానకాలు గారి అక్క కొడుకు. చీరాలలో బట్టల కొట్టు ఎత్తేసి, సీజనులో సాయం చేస్తానని వచ్చి, ఇక్కడే మకాం పెట్టినవాడు. "చెల్లెమ్మకి నొప్పిగా ఉంది. పాపం బలవంతం చేస్తే ఎట్లా? నేను ఖాళీగానే ఉన్నా కదా. కూర్చోడానికి నాకేం ఇబ్బంది లేదు."

ఎంత తియ్యగా అన్నాడో. ఆ తీపికి గీతాంజలి ఒళ్ళు మండింది.

"మీకెందుకు శ్రమ అన్నయ్యగారూ," అంది.

"శ్రమేముంది చెల్లెమ్మా. కూర్చోడమేగా."

పానకాలు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. కంటి చూపు మందగించి రెండు సీజన్ల కిందట గద్దె దిగారు గానీ, షాపు మీద ఆయన మాట మాత్రం దిగలేదు. కొడుకు రాముకి మిర్చి యార్డులో సరుకు చూసే కన్ను ఉంది, నలుగురితో మాట్లాడే నోరు లేదు. అందుకని కోడలిని కూర్చోబెట్టారు. వీధి వీధంతా నవ్వింది. ఆడపిల్ల గద్దె మీదేమిటన్నారు. తర్వాత ఆ ఆడపిల్ల దగ్గరికే బళ్ళు వరస కట్టాయి. ఆ రోజుల్లో ఆయన ఎదురు షాపులో టీ తాగుతూ ఇటు చూసి మురిసిపోయిన సంగతి గీతాంజలికి తెలుసు.

ఇప్పుడాయన మొహంలో ఆ మురిపెం లేదు.

"ఇదిగో, ఇద్దరూ వినండి. రేపటి నుంచి ఆ గద్దె మీద ఎవరు కూర్చుంటే షాపు వాళ్ళ చేతిలో ఉంటుంది. నీ వల్లయితే నువ్వు కూర్చో అమ్మాయ్. కాదంటే వేణు కూర్చుంటాడు. ఇంక దీని మీద మాట లేదు."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఆయన మెట్లెక్కి పైన ఇంట్లోకి వెళ్ళిపోయారు.

గీతాంజలి గద్దె ఎక్కింది. మఠం వేసుకుంది. కంప్యూటరు కిందికి దించుకుంది. కాసేపటికే నడుము కింద తీగ పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు మొదలైంది. పళ్ళు బిగించి కూర్చుంది. వేణుగోపాల్ గుమ్మానికి ఆనుకుని, ఫోను చూసుకుంటూ, మధ్య మధ్య ఆమెని చూస్తూ ఉన్నాడు.

*

మధ్యాహ్నం అన్నాల వేళైంది. పానకాలు గారు తిని లేచి వెళ్ళి పడుకున్నారు. వేణుగోపాల్ గోంగూర మళ్ళీ వేయించుకుని, అత్తయ్య చేతి వంట మెచ్చుకుని వెళ్ళాడు. అప్పుడు అత్తగారు పేరమ్మ గారు నోరు విప్పారు.

"మీ మావయ్య కేకలేశారని బాధపడకు. ఆయనకి ముక్కు మీదుంటుంది కోపం. అయినా నువ్వు కూడా ఆలోచించాలి గీతా. షాపులో ఏ పటం పెట్టాం మనం?"

"లక్ష్మీదేవి పటం."

"ఎట్లా ఉంది అమ్మవారు?"

"కూర్చుని ఉంది అత్తయ్యా."

"అదీ. కూర్చున్న తల్లినే పెట్టుకుంటారు ఎవరైనా. నిలబడి ఉన్న తల్లి పటం ఇంట్లో పెట్టరు. వెళ్ళిపోతుందని. మరి ఆ పటం కిందే ఇంటి కోడలు నిలబడితే ఏం బాగుంటుంది చెప్పు?"

గీతాంజలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కంచం పక్కన చెయ్యి ఆనించి మెల్లగా లేవబోయింది. సగంలో ఆగిపోయింది. పేరమ్మ గారు గబగబా వచ్చి జబ్బ పట్టుకుని లేపారు.

"నడుము విరిగిన లక్ష్మి ఎక్కడికి పోతుంది అత్తయ్యా," అంది గీతాంజలి, ఆవిడ భుజం మీద బరువంతా వేసి. "లేవలేక ఇక్కడే ఉంటుంది. అట్లా ఉండటం మీకిష్టమా?"

పేరమ్మ గారు ఆమెని గోడకి ఆనించి నిలబెట్టి, కంచాలు పేర్చసాగారు.

"మీరు పొద్దున లేచింది మొదలు నిలబడే ఉంటారు కదా. పొయ్యి దగ్గర, సింకు దగ్గర. మరి ఈ ఇంట్లోంచి ఏం వెళ్ళిపోయింది?"

"అది వంట."

"ఇది పని. రెండూ ఒకటే."

"ఒకటెట్లా అవుతుందే? నన్ను చూడటానికి రైతులొస్తారా?" అని గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు ఆవిడ. గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువే వినిపించింది.

గీతాంజలి చాపేసుకుని పక్కకి తిరిగి పడుకుంది. ఆ గద్దె అంటే ఆమెకి ఎందుకంత పట్టుదలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె సత్తెనపల్లి పక్కన పత్తి రైతు కూతురు. చిన్నప్పుడు నాన్నతో పత్తి అమ్మడానికి వెళ్తే, షాపువాడు బాలీసు దిండుకి ఆనుకుని కూర్చుని, ఎదురుగా నిలబడ్డ నాన్న మొహం కూడా చూడకుండా మాట్లాడేవాడు. ఈ గద్దె మీద కూర్చున్న రోజునే అనుకుంది, తన ముందుకొచ్చిన ఏ రైతునీ అట్లా చూడకూడదని. పేరు పెట్టి పిలిచింది. పిల్లల చదువులు అడిగింది. వాళ్ళకి అలవాటైపోయింది. ఇప్పుడు ఆ చోటు వేణుగోపాల్‌కి ఇచ్చి, పైన మంచం మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని పడుకోవడమంటే ఆమెకి ప్రాణం పోయినంత పని.

ఫోన్ తీసి బాలస్వామికి చేసింది.

"ఏమ్మా, బాగుండావా? కోపమొచ్చిందా నా మీద?" అన్నాడు అతను ఎత్తగానే.

"కోపం కాదు బాబాయి. సంజాయిషీ చెప్పుకుందామని. నేను నడుం నొప్పికి నిలబడ్డా, అంతే. మేం సరుకు దించుకోకపోవడం కాదు."

"ఓరి నీ... నడుం నొప్పా? నేనింకా మీ మావ ఏదన్నా అన్నాడేమో, పిల్ల అలిగి పోతందేమో అనుకున్నా. కూర్చునే చోట లేచి నిలబడితే పొమ్మన్నట్టే కదమ్మా మాకు. తప్పుగా అనుకోబాక. మిగతా సరుకు రేపు తెస్తా, నీ దగ్గరికే."

"తప్పకుండా రండి."

"వస్తా. ఇదిగో, మా పెద్దోడి పెళ్ళి శనివారం. రాము బాబుని తీసుకుని నువ్వు రావాల. నువ్వొచ్చిందాకా నేను చర్చి గుమ్మంలోనే నిలబడి చూస్తా ఉంటా. ఇంటోళ్ళం, మేం పోయి లోపల కూర్చుంటే బాగోదు కదా."

గీతాంజలి మనసు ఆ గుమ్మం మాట దగ్గరే ఆగిపోయింది.

"అమ్మా? ఉండావా?"

"ఉన్నా బాబాయి," అంది. "ఉన్నా. శనివారం తప్పకుండా వస్తాం."

ఫోన్ పెట్టేసి చాలాసేపు కప్పు కేసి చూస్తూ పడుకుంది. నిలబడటం ఒకటే. ఎక్కడ నిలబడ్డామన్నదే తేడా. కూర్చునే చోట నిలబడితే పొమ్మన్నట్టు. మరి గుమ్మంలో నిలబడితే? ఏ పెళ్ళిలో చూసినా పందిరి మొదట్లో నిలబడి దండాలు పెట్టేది ఎవరు? ఇంటివాళ్ళే. వాళ్ళని చూసి వెనక్కి తిరిగి పోయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?

ఇంత చిన్న సంగతి తట్టడానికి నెల్లాళ్ళ నొప్పీ, ఒక పూట అవమానమూ కావాల్సి వచ్చింది.

*

సాయంత్రం రాము యార్డు నుంచి వచ్చేసరికి షాపులో ఆమె ఒక్కతే ఉంది. చొక్కా మీద ఎర్ర దుమ్ము దులుపుకుంటూ లోపలికి వచ్చి, భార్య మొహం చూసి, బల్ల చూసి, గద్దె చూశాడు. జరిగింది అతనికి యార్డులోనే తెలిసిపోయింది. ఆ వీధిలో వార్తకి కాళ్ళు అక్కర్లేదు.

"బల్ల బయటికి జరపాలండి," అంది గీతాంజలి. "ముందు వరండాలోకి. సరిగ్గా మెట్ల పక్కకి. బండి ఆగగానే నేను కనపడాలి."

రాము ఆలోచించాడు. అతని ఆలోచన అంత త్వరగా తెమిలేది కాదు.

"వరండాలో ఎండ పడుతుంది."

"పట్టా కడదాం."

"దుమ్ము."

"లోపలా దుమ్మే కదా."

చివరికి అసలు మాట అన్నాడు. "నువ్వు బయటికొస్తే గద్దె ఖాళీ అవుతుంది గీతా. నాన్న అన్న మాట విన్నావుగా. ఎవరు కూర్చుంటే వాళ్ళదే. వేణు బావ కూర్చుంటాడు."

"తెలుసు."

"తెలిసీ దిగుతావా?"

"అక్కడ కూర్చుంటే ఈ సీజను సగంలోనే మంచాన పడతా. అప్పుడైనా ఆయనే కూర్చుంటాడు. ఎట్లాగూ పోయేదే అయితే నిలబడి చూద్దాం అనుకుంటున్నా." అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "మీరు నా పక్కన ఉంటారా లేదా, అది చెప్పండి చాలు. ఇన్నాళ్ళూ మీ నాన్నకీ నాకూ మధ్య మీరు ఒక్క మాట అనలేదు. నాకు చాలా కష్టంగా ఉందండి."

రాము ఏ మాటా అనలేదు. గీతాంజలి కళ్ళు దించుకుంది. పెళ్ళయిన నాటి నుంచి ఈ మౌనంతోనే కాపురం చేస్తోంది, కొత్తేం కాదు. అయినా నొప్పి నొప్పే.

కాసేపటికి బర్రుమని చప్పుడైతే తలెత్తింది. రాము బల్లకి ఒక పక్క పట్టుకుని ఎత్తుతున్నాడు.

"రెండో వైపు నువ్వు పట్టుకోకు," అన్నాడు. "నడుం పట్టేస్తుంది. నేను మనిషిని పిలుస్తా."

*

మర్నాడు పొద్దున్నే పానకాలు గారు కంటి పరీక్షకి ఆసుపత్రికి వెళ్ళారు. వరండాలో నీలం పట్టా కింద బల్ల వెలిసింది. పక్కనే ఎత్తు స్టూలు. నిలబడటమే పనిగా పెట్టుకోవద్దు, కాసేపు నిలబడు, కాసేపు కూర్చో, అటూ ఇటూ నడువు అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఒకే తీరున ఉండిపోతేనే నడుముకి చేటట.

వేణుగోపాల్ తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. వరండాలో గీతాంజలిని చూశాడు. లోపల ఖాళీ గద్దె చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"దిగేశావా చెల్లెమ్మా? మంచి పని చేశావు. ఆరోగ్యం ముఖ్యం."

వెళ్ళి గద్దె ఎక్కి, బాలీసు సరిచేసుకుని, లక్ష్మీదేవి పటానికి దండం పెట్టుకుని కూర్చున్నాడు.

గీతాంజలి ప్రింటరు ఆన్ చేసి వీధి వైపు తిరిగింది. వీధి చివర మొదటి బండి కనబడింది. వెనక టిక్కీలు కప్పు దాకా ఉన్నాయి. ఎవరిదో ఇంకా తెలియడం లేదు. నెమ్మదిగా వస్తోంది. పక్క షాపాయన అప్పుడే వచ్చి తన గద్దె మీద సర్దుకుని, ఇక బండి తనదే అన్నట్టు కాలు మీద కాలు వేసుకున్నాడు.

బండి షాపు ముందుకి వచ్చింది. నెమ్మదించింది. డ్రైవరు పక్కన కూర్చున్న పెద్దాయన ఇటు చూశాడు. నిన్నటి చూపే. పట్టా నీడకి లోపలి గద్దె కనబడక, లేచి నిలబడ్డారా, కూర్చున్నారా అని వెతికే చూపు.

గీతాంజలి బల్ల ఇవతలికి వచ్చింది. మెట్టు మీద నిలబడి రెండు చేతులూ జోడించింది.

"రండి సాహెబ్ గారూ. రండి. ఇంట్లో అందరూ బాగున్నారా?"

బండి ఆగింది.

పెద్దాయన తలుపు తీసుకుని దిగాడు. గడ్డం నిమురుకుంటూ బల్లని చూశాడు, పట్టాని చూశాడు, ఆమెని చూశాడు. "ఏంటి తల్లీ, పెళ్ళివారిలాగా గుమ్మంలో నిలబడి పిలుస్తున్నావు," అన్నాడు.

"మీరొస్తే మాకు పెళ్ళే కదండీ. సరుకు దించమంటారా?"

"దించక? ఇంత దూరం వచ్చి నీ మొహం చూసి పోతానా?"

హమాలీలు ఉరికారు. మొదటి టిక్కీ నేల మీద పడిన చప్పుడు గీతాంజలి గుండెల్లోకి వెళ్ళింది. పక్క షాపాయన కాలు మీది కాలు దించాడు.

ఆ తర్వాత ఆమెకి తల తిప్పే తీరిక లేదు. ఒక బండి ఆగి ఉంటే వెనక బండి ఆగుతుంది. రెండు ఆగి ఉంటే మూడోదానికి ఎందుకో చూడాలనిపిస్తుంది. పేరు అడగనక్కర్లేదు, చాలామంది ఆమెకి తెలిసినవాళ్ళే. ఊరు, రకం, ఎన్ని టిక్కీలు. వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తుతున్నాయి. చీటీ చింపి చేతికిస్తుంటే ఆమె కళ్ళూ రైతు కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి. గద్దె మీద ఉన్న రోజుల్లో ఎంత మర్యాదగా మాట్లాడినా తలెత్తి మాట్లాడాల్సి వచ్చేది, వాళ్ళు వంగి వినాల్సి వచ్చేది. ఇప్పుడు ఎదురెదురుగా నిలబడి ఇద్దరు మనుషుల్లా మాట్లాడుకుంటున్నారు. తన నాన్న ఇక్కడికి వచ్చి నిలబడితే ఎంత బాగుండునో అనిపించింది ఆమెకి. కళ్ళు చెమర్చాయి. మిరపకాయల ఘాటని ఎవరూ పట్టించుకోలేదు.

నడుము మాట చాలాసేపు గుర్తే రాలేదు. గుర్తొచ్చాక ఆశ్చర్యపోయింది. తీగ లాగడం లేదు. మడమలు మాత్రం కాస్త పీకుతున్నాయి. స్టూలు మీద కూర్చుని రెండు చీటీలు తీసి, మళ్ళీ లేచింది.

అంతలో పక్కన గాజుల చప్పుడు. పేరమ్మ గారు. షాపులోకి ఎప్పుడూ దిగని మనిషి, కొంగుతో ముక్కు మూసుకుని, చేతిలో వంటింటి పీట పట్టుకుని నిలబడి ఉన్నారు. వంగి ఆ పీట బల్ల కింద పెట్టారు.

"ఒక కాలు దీని మీద పెట్టుకో. కాసేపు అయ్యాక రెండోది పెట్టు. పొయ్యి దగ్గర నేను అట్లాగే నిలబడతా. ఇన్నేళ్ళూ ఎట్లా నిలబడ్డాననుకున్నావ్?"

"అత్తయ్యా..."

"మాట్లాడకు, బళ్ళు ఆగి ఉన్నాయి," అని ఆవిడ లోపల గద్దె వైపు ఒకసారి చూశారు. తర్వాత పటం వైపు చూశారు. లెంపలు వేసుకుని దండం పెట్టుకున్నారు. "గుమ్మంలో నిలబడి రమ్మని పిలిచేది కూడా ఆ తల్లేలే," అని తనలో తాను అనుకున్నట్టు అని, దగ్గుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

గీతాంజలి పీట మీద కాలు పెట్టింది. హాయిగా ఉంది. ఆ హాయి నడుముకో మనసుకో ఆమె తేల్చుకోలేదు, తేల్చుకోవాల్సిన పనీ లేదు.

ఎండెక్కే వేళకి బాలస్వామి బొలేరో వచ్చింది. అతను దిగుతూనే పక్క షాపాయనకి చెయ్యి ఊపి, "నిన్న మర్యాద చేశావు, చాలు," అని ఇటు తిరిగాడు. "ఏమ్మా, గుమ్మంలోకొచ్చావే. నాకన్నా ముందే పెళ్ళి మొదలెట్టావా?"

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. గీతాంజలీ నవ్వింది. నెల్లాళ్ళయింది ఆమె అంత నిండుగా నవ్వి.

*

ఆ నవ్వుల్లోనే ఆటో దిగారు పానకాలు గారు. కళ్ళకి నల్ల అద్దాలు ఉన్నాయి. రాము వెనకే బైకు ఆపాడు.

వీధి సందడి తగ్గింది. పానకాలు గారు మెట్ల ముందు నిలబడి చూశారు. ఆగి ఉన్న బళ్ళు, వరండా నిండా టిక్కీలు, వరసలో రైతులు, బల్ల దగ్గర కోడలు. అద్దాల వెనక ఆయన కళ్ళల్లో ఏముందో ఎవరికీ కనిపించలేదు. మాట్లాడకుండా ఆమెని దాటుకుని లోపలికి నడిచారు.

గీతాంజలి చేతిలోని చీటీ రైతుకిచ్చి లోపలికి చూసింది.

గద్దె మీద వేణుగోపాల్ ఉన్నాడు. ఇస్త్రీ మడతలు అట్లాగే ఉన్నాయి. చేతిలో ఫోను ఉంది.

"వచ్చారా మావయ్యా," అన్నాడు లేవకుండానే. "చెల్లెమ్మ తనే దిగిపోయింది, నేనేం అనలేదు. పొద్దుటి నుంచి ఇక్కడ కూర్చున్నది నేనే. మీ మాట ప్రకారం ఇంక..."

పానకాలు గారు నల్ల అద్దాలు తీశారు.

"నీ ఎదురుగా ఎవరున్నార్రా?"

వేణుగోపాల్ ఎదురుగా చూశాడు. ఖాళీ నేల. దాని అవతల రైతుల వీపులు కనబడుతున్నాయి. ఒక్క మొహం ఇటు తిరిగి లేదు.

"కూర్చోమన్నది రైతుతో మాట్లాడ్డానికి. పరుపు నలగ్గొట్టడానికి కాదు," అన్నారు పానకాలు గారు. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచకుండా మాట్లాడటం ఆ షాపులో ఎవరూ విని ఉండరు. "దిగు."

వేణుగోపాల్ మొహంలో తియ్యదనం ఎటు పోయిందో పోయింది. బాలీసుకి ఇంకా ఆనుకున్నాడు.

"దిగను. నలుగురి ముందూ మాట అన్నారు మీరు. మా అమ్మకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పా. ఆవిడ చీరాల్లో రైలెక్కింది. ఈ షాపులో ఆవిడకీ వాటా ఉందని మీకు తెలుసు, నాకూ తెలుసు. వచ్చాక ఆవిడతో చెప్పండి దిగమని."

పానకాలు గారి చేతిలో అద్దాలు ఆగిపోయాయి. ఆయన వీధిలో ఎవరికీ భయపడరు. అక్కయ్యకి భయపడతారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఎవరూ మాట్లాడలేదు.

ఆ నిశ్శబ్దంలో మాట వినిపించింది రాముది. "రానీ బావా," అన్నాడు గట్టిగానే. "పెద్దత్తయ్య దిగేసరికి స్టేషన్‌కి నేనే వెళ్తా. తీసుకొచ్చి మా ఆవిడ పక్కన నిలబెడతా. చూసి అత్తయ్యే చెప్తుంది షాపు ఎక్కడుందో."

గీతాంజలి తన చెవుల్ని తానే నమ్మలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి, వీధి వీధంతా వింటుండగా, మా ఆవిడ అన్నాడు. గుండె ఉప్పొంగింది. ఇక ఎవరొచ్చినా రానీ అనుకుంది.

పానకాలు గారు మెల్లగా వరండాలోకి వచ్చారు. భుజం మీది తువ్వాలు తీసి కోడలి బల్ల మీద పేరుకున్న ఎర్ర దుమ్ము తుడిచారు. స్టూలు తన వైపు లాక్కుని కూర్చున్నారు.

"అక్కయ్య సంగతి నేను చూసుకుంటా," అన్నారు. ఆ గొంతులో బెరుకు ఇంకా పోలేదు. "రైతులు ఎండలో ఉన్నారు. నువ్వు కానీ అమ్మాయ్."

లోపల వేణుగోపాల్ గద్దె దిగలేదు. చీరాల రైలు దగ్గరవుతూనే ఉంది. గీతాంజలి వెనక్కి తిరిగి చూడలేదు. పీట మీద రెండో కాలు పెట్టి, నిటారుగా నిలబడింది.

"తర్వాత ఎవరు బాబాయి? రండి, ముందుకు రండి."